ప్రేమలీల వేసిన అతుకు

దేవకుమార్ కుడికంటి శుక్లం తీసిన డాక్టరమ్మ, చీటీ మీద నాలుగు మందులు రాసి, అయిదో వరసలో రెండు ముక్కలు రాసి వాటి కింద రెండు గీతలు గీసింది. వెల్డింగ్ వద్దు. ఆరు వారాలు వద్దు. నల్లద్దం అడ్డం పెట్టుకున్నా వద్దు, పక్కన నిలబడి చూసినా వద్దు.

ముప్పై ఆరేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసి దిగినవాడికి ఆ మాట చెప్పడమంటే చేపకి నీళ్ళు వద్దని చెప్పడమే. దువ్వాడలో ఇంటికొచ్చి, నల్లకళ్ళజోడు తియ్యకుండానే పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా జీపు. జీపు పక్కన గోనెపట్టా మీద చిన్న వెల్డింగ్ మిషను. రిటైరయ్యాక సరదాగా కొనుక్కున్నది, టిఫిన్ క్యారేజీ అంత ఉంటుంది, ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. దాంతో అప్పటికే ఆ జీపుకి పక్క పైపులూ, పైన సామాను పెట్టుకునే చట్రమూ చేసి బిగించాడు. మిగిలింది ఒక్కటే. ముందు బంపరుకి కొక్కెం.

ఆ జీపు అతని భార్య ప్రేమలీల తమ్ముడు మైఖేల్‌ది. పోర్టులో క్రేను నడిపేవాడు. పాతసామాను వేలంలో దాన్ని ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఏడాదిన్నర కిందట ఒక పొద్దున డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ గుమ్మంలోనే ఒరిగిపోయాడు. అప్పట్నుంచి ప్రేమలీలకి మాట తగ్గిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. చర్చిలో పాటలప్పుడు కూడా పెదాలు కదిపేది గాని గొంతు వచ్చేది కాదు. జీపు మీద పట్టా కప్పేసి, ఎవరూ దాని జోలికి పోలేదు. చివరికి ఆ పట్టా లాగేసింది ప్రేమలీల కూతురు స్టెఫీ.

స్టెఫీకి ఇరవై నాలుగేళ్ళు. వారమంతా కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెబుతుంది. ఆదివారం ఆరాధన అయిందంటే జీపువాళ్ళ జట్టుతో కలిసి కొండలు పట్టిపోతుంది. ఆ జట్టుకి పెద్ద ఉమాశంకర్. మద్దిలపాలెంలో స్పేరుపార్టుల దుకాణం ఉంది అతనికి. ఎలమంచిలి అవతల ఒక కొండవాలు మాట్లాడి, వచ్చే నెల మొదటి ఆదివారం అందరూ బళ్ళు ఎక్కించాలన్నాడు. ఒక్కటే షరతు. ముందు కొక్కెం గట్టిగా లేని బండిని గేటు దాటనివ్వడు.

ఆ షరతు ఊరికే పెట్టింది కాదు. బురదలో దిగబడిన బండిని తాడు కట్టి లాగేది ఆ కొక్కెంతోనే. లాగే ఊపులో అతుకు ఊడిందంటే, ఆ ఇనప ముద్ద తాడుతో సహా వడిసెల రాయిలా ఎగిరొస్తుంది. ఎవరి తలకి తగులుతుందో చెప్పలేం. ఒకసారి స్టెఫీ ఫోన్లో అలాంటి వీడియో చూపిస్తుంటే ప్రేమలీల సగంలోనే లేచి వంటింట్లోకి పోయింది.

దేవకుమార్‌కి కన్ను కుదరదని, స్టెఫీ రోడ్డు మీద గేట్లూ గ్రిల్లులూ చేసే షాపులో కొక్కెం అతికించి తెచ్చింది. చూపుకి బాగానే ఉంది, వెండిరంగు కూడా వేశాడు. దేవకుమార్ తడుముకుంటూ వచ్చి సుత్తి అడిగాడు. మూడు దెబ్బలు. మూడో దెబ్బకి కొక్కెం ఊడి వచ్చి ప్రేమలీల కాళ్ళ దగ్గర పడింది.

"పైన పేడ అలికినట్టు అలికీసినాడు. లోనకి దిగనే నేదు," అన్నాడు. అని, మిషను వైపు చెయ్యి చాపాడు. "ఒలే లీలా, ఆ హోల్డరు ఇలగియ్యి."

ప్రేమలీల రాడ్డు బిగించే ఆ హోల్డరు తీసింది గాని ఇవ్వలేదు. "డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"కళ్ళు మూసుకునే సేత్తాను."

"కళ్ళు మూసుకుని సేసేది ప్రార్థన. అతుకు కాదు."

"అయితే నువ్వు సేత్తావేటి?"

ఎకసెక్కానికి అన్నాడు. ప్రేమలీల కాళ్ళ దగ్గర పడ్డ కొక్కెం వైపు చూసింది. తరవాత స్టెఫీ వైపు చూసింది.

"సేత్తాను," అంది.

స్టెఫీ పకపకా నవ్వింది. "అమ్మా, నీకు టీవీ రిమోటే నొక్కడం రాదు."

"రిమోటుతో నువ్వు కొండెక్కవు కదే."

దేవకుమార్ నవ్వలేదు. తల పక్కకి వంచి భార్య మాటే విన్నాడు. ఏడాదిన్నర తరవాత ఆ గొంతులో ఏదో కదిలినట్టు తోచిందేమో, "ఎల్లి నూలుచీర కట్టుకుని రా," అన్నాడు. "నైలాను గుడ్డలైతే నిప్పురవ్వ పడి ఒంటికంటుకుపోతాయి."

ఇరవై రోజులు ఉన్నాయి.

నూలుచీర, దాని మీద మొగుడి పాత ఖాకీ చొక్కా, చేతులకి తోలు తొడుగులు, తలకి నల్లద్దం టోపీ. ఈ వేషంలో మొదటిసారి పెరట్లోకి వస్తే గోడ అవతల్నుంచి పక్కింటి వెంకటరమణమ్మ చేతిలో చాట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళది అమలాపురం దగ్గర. ఆయన ఉద్యోగం కోసం వచ్చి పాతికేళ్ళయినా మాట మాత్రం గోదారి దాటలేదు.

"ఏంటండీ లీలగారూ, రాకెట్లో గానీ వెళ్ళిపోతున్నారా ఏంటండీ?"

"అవునండి. మీకూ సీటుంచమంటారా?"

"ఆయ్, వద్దులెండి. పప్పు పొయ్యి మీదుంది."

పాఠం చెప్పే పద్ధతి దేవకుమార్ సొంతంగా కనిపెట్టాడు. చూడకూడదు కాబట్టి కుర్చీ గోడవైపు తిప్పేసుకుని, తల మీద తువ్వాలు కప్పుకుని, వీపు పెట్టి కూర్చున్నాడు. వింటాడు. చెబుతాడు.

మొదటి రోజు వినడానికి ఏమీ లేదు. రాడ్డు ముట్టించగానే తుప్పుపట్టిన పాత ఇనప ప్లేటుకి బంకలా అతుక్కుపోయేది. ప్రేమలీల పీకేది, అది మళ్ళీ అతుక్కునేది. సాయంత్రానికి భుజం లాగేసింది. రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

"అగ్గిపుల్ల గీసినట్టు గీయాల," అన్నాడు రెండో రోజు, గోడతో మాట్లాడుతున్నట్టు. "గీసి, అంతెత్తులోనే ఆపాల. దూరమెల్తే బుస్సుమంటాది. దగ్గిరకెల్తే గొంతు పట్టుకున్నట్టయి ఆగిపోద్ది. సరిగ్గుంటే ఏ సప్పుడొస్తాదో నీకు నాను సెప్పక్కర్నేదు. నువ్వు రోజూ ఇనేదే."

"ఏ సప్పుడు?"

"బజ్జీలు ఏగే సప్పుడు."

మూడో రోజు మధ్యాహ్నం ఆ చప్పుడు వచ్చింది. నల్లద్దం వెనక లోకమంతా చీకటి. ఆ చీకటిలో గోరంత వెలుగు, వెలుగు కింద కరిగిన ఇనుము నేతిబొట్టులా తళతళలాడుతూ ఆవిడ చెయ్యి ఎటు పోతే అటు నడిచింది. పొయ్యి మీద ఎన్నో కరిగించింది గాని ఇనుము తన చేతికింద కరుగుతుందని ప్రేమలీల ఎన్నడూ అనుకోలేదు. గోడ దగ్గర తువ్వాలు కింద నుంచి, "అదీ, అదీ, అలగే ఉండు, అలగే రా," అని వినబడుతోంది. రాడ్డు పూర్తిగా కాలిపోయేదాకా ఊపిరి తీసుకున్న గుర్తు లేదు ఆవిడకి.

పైన పట్టిన నల్లటి చిట్టెం మీద సుత్తి కొనతో చిన్నగా కొట్టింది. పెచ్చు దానంతటదే లేచి ఎగిరిపోయింది. కింద, పొలుసు మీద పొలుసు సర్దినట్టు, పండుగప్ప చేప వీపులా మెరుస్తూ జానెడు అతుకు.

ప్రేమలీల దాన్ని పట్టకారుతో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. స్టెఫీకి చూపించింది. గోడ మీంచి వెంకటరమణమ్మకి చూపించింది. దేవకుమార్ వేలితో తడిమి, ఆ పొలుసులన్నీ లెక్కపెడుతున్నట్టు నెమ్మదిగా ఈ చివర్నుంచి ఆ చివరికి పోయి, "ఇక్కడ తుమ్మినావా?" అన్నాడు.

నిజమే, అక్కడ తుమ్మింది.

ఇక ఆపేవాడు లేడు. పొద్దున్నే లేచి కూర, చారు ఒకేసారి పొయ్యెక్కించి పెరట్లోకి పోయేది. ఒకరోజు వంకాయలు మాడాయి, ఒకరోజు పాలు పొంగాయి. పాత ప్లేటు ముక్కలు అయిపోయాయి. విరిగిన స్టూలు కాలు అతికింది, బట్టలారేసే స్తంభం అతికింది. వెంకటరమణమ్మ గేటు మడతబందు ఊడితే అదీ అతికింది. ఆ గేటు కిర్రుమనడం మానేసిందని, ఆయన ఎప్పుడొస్తున్నాడో తెలియట్లేదని ఆవిడ ఫిర్యాదు.

పద్నాలుగో రోజున దేవకుమార్ లేచి, బాత్రూం పైన అటక మీంచి ఒక పొట్లం దింపించాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు కాల్సినవి గేట్లకేసే మామూలు రాడ్లు. కొక్కేనికి ఇవీ. గట్టి రాడ్లు. బ్రిడ్జిలకీ, బాయిలర్లకీ ఇవే ఏస్తాం."

ఆ రోజే వాన పట్టుకుంది. తెరిపి ఇచ్చినప్పుడల్లా రేకు కింద ప్రేమలీల కొత్త రాడ్లు ముట్టించింది. ఏ రాడ్డు ముట్టించినా ఒకటే తంతు. నిప్పురవ్వలు చిందరవందరగా ఎగురుతాయి. చిట్టెం తీస్తే కింద అతుకంతా చిల్లులు, పెనం మీద అట్టులాగా. టెస్టుకని రెండు ముక్కలు నిలువూ అడ్డంగా అతికించి స్టెఫీ చేత కొట్టించారు. లెక్క ప్రకారం ప్లేటు వంగాలి గాని అతుకు విడవకూడదు. ఇక్కడ ప్లేటు వంగలేదు. అతుకు నాలుగో దెబ్బకే బిస్కట్టులా విరిగింది.

గురువారం. ఇంక మూడు రోజులు లేవు.

"సెయ్యి మారిపోయింది నీది," అన్నాడు దేవకుమార్. "కొక్కెం అనీసరికి భయం పట్టుకుంది. రాడ్డు వణికిస్తన్నావు."

"నా సెయ్యి వణకట్లేదు."

"నాకు ఇనపడతంది కదేటి."

స్టెఫీ మధ్యలో వచ్చింది. "పోనీ నాన్నా, ఈసారికి మానేస్తాన్లే. వచ్చే ఏడు చూద్దాం." అంటూనే జీపు మీద పట్టా మళ్ళీ కప్పబోయింది.

ప్రేమలీల ఇంకో రాడ్డు తీసి ముట్టించింది. ఈసారి అతుకు వైపు చూడడం మానేసి, మొగుడి లాగే తానూ విన్నది. సగం కాలాక రాడ్డు ఎత్తేసి, టోపీ పైకి తోసింది.

"నీళ్ళండి."

"ఎక్కడ, రేకు కారతందా?"

"రాడ్డులో. నీళ్ళున్నాయి రాడ్డులో."

"ముప్పై ఆరేళ్ళు ఈ రాడ్లే కాల్సినాను నాను. రాడ్డులో నీళ్ళేటి?"

"కాగిన నూనెలోకి తడి సెయ్యి ఇదిలిత్తే ఎలగ సిటపటమంటాది? అలగుంది. ఇది బజ్జీల సప్పుడు కాదు. మీరు బజ్జీలు తిన్నారు గాని ఎయ్యనేదు."

దేవకుమార్ తువ్వాలు తీసి ఇటు తిరిగాడు. ఏదో అనబోయాడు.

"ఉండండి. ప్లాంటులో మీకు రాడ్లు ఎలగిచ్చీవోరు?"

"డబ్బాలో. మూతున్న డబ్బాలో."

"సల్లగానా?"

"ఎచ్చగా ఉండీవి. సేతికి ఎచ్చగా తగిలీవి."

"ఎందుకెచ్చగా ఉండీవి?"

దేవకుమార్ తువ్వాలు ఒళ్ళో మడత పెట్టుకున్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ప్లాంటులో ఒక మూల బీరువా అంత పొయ్యి ఉండేదట. మదర్ ఓవెన్ అనేవారట దాన్ని. రాడ్లన్నీ రాత్రింబగళ్ళు అందులో కాగుతూ ఉండేవట. వాటికి పైన పూసిన మందు గాలిలో తేమ పీల్చేస్తుంది కనక. అందులోంచి తీసి డబ్బాల్లో సర్ది హెల్పర్లు తెచ్చి ఇచ్చేవారట. డ్యూటీలో చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. ఆ తరవాత ముప్పై ఆరేళ్ళలో ఆ పొయ్యి తలుపు తను ఒక్కసారీ తెరవలేదు. వండిన అన్నం రోజూ కంచంలోకి వచ్చి పడేవాడికి బియ్యం కడగాలన్న సంగతి గుర్తుండదు. ఆ అలవాటుతోనే రాడ్ల పొట్లం తెచ్చి, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, బాత్రూం అటక మీద పెట్టాడు.

"ముసిలోణ్ణి అయిపోనాను లీలా," అన్నాడు.

"ముసిలితనం కాదు. సుఖం మరిగినారు," అంటూనే ప్రేమలీల వంటింట్లోకి నడిచింది.

వంటింటి బల్ల మీద దుప్పటి కప్పి ఉన్న కేకు ఓవెను ఏడాదిన్నరగా తెరిచిందే లేదు. మైఖేల్ కోసం క్రిస్మస్ కేకు అంచు ముక్కలు తీసి దాచే ఓవెను అది. దుప్పటి తీసి, మడత పెట్టి, కుర్చీ మీద పెట్టింది. రాడ్లు అడ్డంగా పట్టలేదు. మూలవాటంగా పేర్చింది. వేడి మీట తిప్పగలిగినంత తిప్పి, గడియారం చూసుకుని, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. స్టెఫీ వచ్చి పక్కన కూర్చుంది. ఏదో పుట్టబోతున్నట్టు ఇద్దరూ ఆ అద్దంలోకే చూశారు.

గంటకి వంటింటి నిండా కాలిన సున్నం వాసన. గోడ అవతల్నుంచి వెంకటరమణమ్మ గొంతు.

"లీలగారూ, అప్పుడే కేకు మొదలెట్టేశారేంటండీ? కాస్త మాడినట్టుందండీ."

"కేకు కాదండి. జంతికలు."

"జంతికలు ఓవెన్లోనా?"

"ఇనప జంతికలు. మీకు రెండు పంపించమంటారా?"

"పళ్ళు కట్టించుకున్నాక చెబుతాలెండి."

రెండు గంటలు నిండాయి. స్టెఫీ చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని మొదటి రాడ్డు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది, మూకుట్లోంచి తీసిన గారె తెచ్చినట్టు. ప్రేమలీల ముట్టించింది.

చప్పుడు మారిపోయింది. మెత్తగా, నిండుగా, ఒకే తీరున వేగుతోంది. గోడ దగ్గర దేవకుమార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తిరగలేదు గాని, కాలుతో నేల మీద తాళం వేస్తున్నాడు. టెస్టుముక్క చల్లారనిచ్చి స్టెఫీ ఇరవై దెబ్బలు కొట్టింది. ప్లేటు వంగి నేలకి అంటింది. అతుకు విడవలేదు.

"ఇప్పుడు జీపుకి," అన్నాడు దేవకుమార్. ముందు బ్యాటరీ తీగలు ఊడదీయించాడు, ఆ తరవాత కొక్కెం అతికే చోటంతా తెల్లటి ఇనుము కనబడేదాకా రంగు గీకించాడు. శుక్రవారం పొద్దున్న ప్రేమలీల ఓవెన్లో మళ్ళీ కాగిన ఆరు రాడ్లు కాల్చి, మూడు వరసలుగా, నాలుగు వైపులా, కొక్కెం అతికింది. ఒక్కచోట తుమ్ము వచ్చింది. ఆపుకుంది.

ఆదివారం ఎలమంచిలి అవతల కొండకింద ఎర్రనేల వారం వానకి ముద్దయి ఉంది. పద్నాలుగు జీపులు వరసగా నిలబడ్డాయి. ఉమాశంకర్ ఒక్కో బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి చూసుకుంటూ వచ్చాడు. స్టెఫీ జీపు దగ్గర ఎక్కువసేపు చూశాడు.

"బావా, మీ సెయ్యి అంటే సెప్పక్కర్లేదు గాని," అన్నాడు దేవకుమార్‌తో, "రిటైరైనాక ఇంకా నున్నగా వచ్చినట్టుంది."

"నా సెయ్యి కాదు. నాను ఆ రోజు గోడ సూత్తన్నాను." దేవకుమార్ నల్లకళ్ళజోడు సర్దుకుని, భార్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదిగో, ఈవిడది."

ఉమాశంకర్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నాడు.

"అక్కా, ఏటీ అనుకోకు. ఎన్నాళ్ళ నుంచి సేత్తన్నావు?"

"ఇరవై రోజులు."

"ఇరవై రోజులు," అన్నాడు ఉమాశంకర్, ఎవరితోనో చెబుతున్నట్టు. "అక్కా, నాను దీన్ని వదిలేసి రేపు ఏదైనా అయితే, నీ మొకం ఎలగ సూడాల? ఇక్కడే సూసేద్దాం. అతుకు ఆగితే నెంబరిత్తాను. ఆగకపోతే మాత్రం నీ గుంట స్టెఫీ ఈరోజు కుర్చీలో కూర్చుని సూడ్డమే."

పరీక్షకి కావాల్సిన బరువు దగ్గర్లోనే ఉంది. అతని సొంత జీపు, పొద్దున్న దారి చూడబోయి ఇరుసుల దాకా బురదలో కూరుకుపోయి ఉంది. మందపాటి తాడు ఒక కొస దానికి కట్టారు, రెండో కొస స్టెఫీ జీపు కొక్కేనికి తగిలించారు. తెగితే ఎగరకుండా తాడు మధ్యలో తడిపిన గోనెసంచులు వేశారు. అందర్నీ దూరం జరగమన్నాడు ఉమాశంకర్. స్టీరింగు ముందు తనే కూర్చుంటానన్నాడు. స్టెఫీ దిగనంది.

"నా బండి. మా అమ్మ అతుకు. నానే కూర్చుంటాను."

ప్రేమలీల కూతుర్ని దించెయ్యాలని ఒక్క అడుగు ముందుకు వేసింది. అక్కడే ఆగిపోయింది. ఆరు రాడ్లూ ఒక్కొక్కటే మనసులో కాల్చుకుంటూ వచ్చింది. మొదటిది ఎలా మోగింది, రెండోది ఎలా మోగింది, మూల తిరిగేచోట ఎలా మోగింది. ఎక్కడా చిటపట లేదు.

"టోపీ పెట్టుకోయే," అంది.

స్టెఫీ తలకి హెల్మెట్ పెట్టుకుని, జీపుని వెనక్కి వేసింది. తాడు నేల మీంచి లేచింది. బిగిసింది. గోనెసంచుల్లోంచి నీళ్ళు కారాయి. నాలుగు చక్రాలూ బురద చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి. బంపరు ముందుకి సాగుతున్నట్టు, మొత్తం జీపు ముక్కు వంచి నేలని వాసన చూస్తున్నట్టు కనబడింది. ఎవడో "ఊడిపోతాది రా" అన్నాడు. దేవకుమార్ భార్య చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. అవతల బురద ఒక్కసారి పెద్దగా గుటక వేసినట్టు చప్పుడు చేసి, ఉమాశంకర్ జీపుని బయటికి కక్కింది. అది ఊగుకుంటూ ఎర్రటి ముద్దలా గట్టు మీదికి వచ్చి నిలబడింది.

జట్టంతా ఈలలు వేస్తుంటే ప్రేమలీల మాత్రం నేరుగా వెళ్ళి కూతురి జీపు ముందు కూర్చుంది. కొంగుతో బురద తుడిచింది. బొటనవేలి గోరు అతుకు చుట్టూ మెల్లగా తిప్పింది, వెంట్రుకంత చీలిక ఉన్నా గోరుకి తగులుతుందని. తగల్లేదు. మళ్ళీ తిప్పింది. పక్కన ఉమాశంకర్ కూడా వంగి చూస్తున్నాడు. పదకొండో నెంబరు స్టిక్కరు అప్పటికే చేతిలో తీసి పట్టుకున్నాడు.

"అక్కా, నా బండికి ఎనకాల కొక్కెం సరిగ్గా నేదు," అన్నాడు.

"దువ్వాడకి తోలుకు రా. ముందు రంగు గీకించుకో."

"ఏటమ్మా," స్టెఫీ పైనుంచి తల బయటికి పెట్టింది, "ఎల్లనా?"

"ఎల్లు."

జీపు కొండవాలు అందుకుంది. పక్కన గట్టు మీద ప్రేమలీల కుచ్చిళ్ళు ఎగదోపి దాంతోపాటు పరుగు తీసింది, "ఎడం పక్కకి కొయ్యే, ఎడం పక్కకి, ఆ రాయి సూసుకోయే," అని గొంతు చించుకుంటూ. బండి నడపడం గురించి ఆవిడకి ఏమీ తెలియదు. స్టెఫీ స్టీరింగు కుడివైపుకే కోసింది. రాయి దాటింది. ప్రేమలీల అరుస్తూనే వాలు ఎక్కిపోయింది.